తాళం లోకానిది, తాళపుచెవి మనది

ఇంటికి తాళం వేయనిదే వీధి దాటడం మనకు అలవాటు లేదు. బీరువాకు తాళం, ధాన్యపు గదికి తాళం, ప్రయాణంలో ట్రంకు పెట్టెకు తాళం. ఇంత జాగరూకత గల మనమే, ఆ బీరువాలో దాచిన కాగితాల ప్రతులన్నింటిని కంప్యూటరులో బార్లా తెరచి ఉంచుతున్నాము. ఆధార్ ప్రతి, ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితా, బ్యాంకు పుస్తకం మొదటి పుట, తల్లిగారి వైద్య పరీక్షల నివేదికలు, సోదరి వివాహపు ఛాయాచిత్రాలు అన్నీ అందులోనే కలవు. ఆ యంత్రం బస్సులో మన ఒడిలో కూర్చుని వస్తుంది. మరమ్మతు వచ్చినప్పుడు ముక్కూ మొగమూ తెలియని దుకాణంలో రాత్రి బస చేస్తుంది. దానికి తగిన తాళం ఏది అన్న విచారణే ఈ చిన్న వ్యాసానికి ప్రేరణ.

"మా కంప్యూటరుకు పాస్‌వర్డ్ ఉన్నది కదా" అని విద్యార్థి మిత్రులు అనవచ్చును. ఆ పాస్‌వర్డ్ వాకిట కూర్చున్న కావలివాని వంటిది. పెరటి గోడకు కన్నం వేసిన దొంగకు వాకిటి కావలివానితో పని ఏమి? యంత్రం విప్పి, లోపలి డిస్కును తీసి, మరొక కంప్యూటరుకు తగిలిస్తే, ఎన్‌క్రిప్షన్ లేని డిస్కులోని ప్రతి ఫైలూ తెరచిన పుస్తకమే. ఫైళ్ళను కనబడకుండా దాచడం, వాటి పేర్లు మార్చడం కూడా ఇటువంటి కంటితుడుపు పనులే. ఫైలులోని అక్షరాలనే తాళపుచెవి లేనివారికి అర్థం కాకుండా మార్చివేయడమే నిజమైన రక్ష. దానినే ఎన్‌క్రిప్షన్ అంటున్నారు. మన భాషలో గూఢలిపి అనవచ్చును.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. గూఢచారులు సంజ్ఞాలిపితో వార్తలు పంపుకొనవలెనన్న విధి కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే కలదు. ఆంగ్లంలో గూఢలిపికి వాడే 'సైఫర్' అన్న మాటకు మూలం అరబ్బీ 'సిఫ్ర్'. మన ఉర్దూ శాఖ మిత్రులు 'సిఫర్' అన్నా, తెలుగు శాఖ మిత్రులు 'సున్న' అన్నా భావం ఒక్కటే. 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో జీవించిన అల్ కిందీ అనే తత్త్వవేత్త గూఢలిపులను ఛేదించే విధానంపై ఒక గ్రంథమే వ్రాసినాడు. దాని అరబ్బీ నామంలో గూఢలిపికి వాడిన పదం 'ముఅమ్మా'. ఉర్దూలో నేటికీ పొడుపుకథను ఆ పేరుతోనే పిలుస్తారు.

అల్ కిందీ చెప్పిన సూత్రం సులభమైనది. ప్రతి భాషలోను కొన్ని అక్షరాలు తరచుగా, కొన్ని అరుదుగా వస్తాయి. ఒక అక్షరానికి బదులు మరొకటి వ్రాసినంత మాత్రాన ఆ లెక్క మారదు. గూఢలేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చినదో లెక్కించినవానికి అసలు అక్షరం దొరికిపోతుంది. చిన్ననాడు మనమందరం ఆడుకొన్న 'క' భాష కూడా అంతే కదా! ప్రతి అక్షరానికి ముందు 'క' చేర్చి మాటలాడితే పెద్దలకు అర్థం కాదని మురిసిపోయేవారము. కిటుకు తెలిసిన మరునిమిషం అది రహస్యం కాదు. ఇంట్లో సొంతంగా కల్పించుకొన్న గూఢలిపులన్నింటికి గల లోపం ఇదే. వాటి బలమంతా కిటుకులోనే ఉన్నది, తాళపుచెవిలో లేదు.

1883లో ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే భాషాపండితుడు ఈ విషయాన్ని సూత్రీకరించినాడు. విధానం శత్రువు చేత చిక్కినా నష్టం రాకూడదు. తాళపుచెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలునని ఆయన మతం. నేటి మంచి తాళాలన్నీ ఈ సూత్రం మీదనే నిలిచినవి. 1977లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన డి.ఇ.ఎస్. అనే విధానపు తాళపుచెవి 56 బిట్లు. 1998లో ప్రత్యేకంగా నిర్మించిన ఒక యంత్రం సాధ్యమైన తాళపుచెవులను వరుసగా ప్రయత్నించి 56 గంటలలో దానిని తెరచినది. దాని స్థానంలో కొత్త విధానం కొరకు 1997లోనే బహిరంగ పోటీ ప్రకటించినారు. 15 విధానాలు రాగా, ప్రపంచంలోని నిపుణులందరు వాటిని బద్దలు కొట్టుటకు ప్రయత్నించినారు. చివరకు ఇద్దరు బెల్జియం దేశస్థులు, డామెన్, రైమెన్ అనువారు, రూపొందించినది నెగ్గి, 2001లో ఎ.ఇ.ఎస్. అను పేర ప్రమాణమైనది. దాని తాళపుచెవి 128, 192 లేక 256 బిట్లు. అందరూ చూచి, పరీక్షించి, పగులగొట్టలేకపోయిన తాళమది. "మా విధానం పరమ రహస్యం" అని చెప్పి అమ్మే సరుకు కంటె, విధానం బహిరంగమైన ఈ తాళమే నమ్మదగినది.

మా ఇంట ఉన్నది ఒకే కంప్యూటరు. అందులో అబ్బాజాన్ పొలం కాగితాల ప్రతులు, అమ్మీ చికిత్సా పత్రాలు, మా పాఠాలు, ఆపా వ్రాసుకొనే గజళ్ళు ఉన్నవి. దీనికి ఏ తాళం తగునని ఆలోచించగా, ఒక తాళం చాలదని మాకు తోచినది. మొదటిది డిస్కు మొత్తానికి వేసే తాళం. విండోస్‌లో బిట్‌లాకర్, మాక్ యంత్రాలలో ఫైల్‌వాల్ట్, లినక్స్‌లో లక్స్ ఈ పని చేస్తాయి. యంత్రం దొంగల పాలైనా వారికి దక్కేది ఇనుము మాత్రమే. అయితే యంత్రం తెరచి ఉన్నంతసేపు ఈ తాళమూ తెరచే ఉంటుంది. ఇంటిలోనివారి కంటినుండి అది ఏదీ దాచదు. అందుచేత ఆపా గజళ్ళకు రెండవ తాళం అవసరమైనది. వెరాక్రిప్ట్ అనే ఉచిత సాధనంతో డిస్కులోనే ఒక చిన్న పెట్టెను సృష్టించి, దానికి వేరుగా ఎ.ఇ.ఎస్. తాళం వేసినాము. 2014లో నిలిచిపోయిన ట్రూక్రిప్ట్‌కు ఇది వారసురాలు. ఒకటి రెండు ఫైళ్ళను మాత్రమే ఇతరులకు పంపవలసి వచ్చినప్పుడు 7-జిప్ సాధనంలో ఎ.ఇ.ఎస్. పద్ధతిని ఎంచుకొని కట్టగట్టుట సులభం. పాత జిప్ పద్ధతి తాళం బలహీనమైనది; దానిని వాడరాదు.

తాళం ఎంత గట్టిదైనా తాళపుచెవి పుట్టినతేదీ అయితే ప్రయోజనం శూన్యం. ఆపా తన పాస్‌వర్డ్‌ను పాచికలతో నిర్ణయించినది. ఒక పాచికను ఐదుసార్లు వేస్తే 7776 విధాల ఫలితాలు రావచ్చును. అన్ని మాటల జాబితా దగ్గర పెట్టుకొని, వచ్చిన అంకెలకు ఎదురుగా ఉన్న మాటను తీసుకొనవలెను. ఇట్లు ఆరు మాటలు కూర్చితే, సాధ్యమైన కూర్పులు 2 పక్కన 23 సున్నలంత. సెకనుకు లక్ష కోట్ల ప్రయత్నాలు చేసే యంత్రానికైనా అన్నింటిని చూచుటకు సుమారు 7000 సంవత్సరాలు పట్టును. మాటలను మనం ఎన్నుకొనరాదు, పాచికే ఎన్నుకొనవలెను; మన మనస్సు మనకు తెలియకుండానే ఊరి పేరు వైపో, అభిమాన నటుని పేరు వైపో మొగ్గును.

ఇంతవరకు అంతా సాఫీగానే సాగినది. అప్పుడు అబ్బాజాన్ ఒక ప్రశ్న వేసినారు. "రేపు నాకేమైనా అయితే పొలం కాగితాలు మీరు ఎట్లా తీస్తారు?" మేము ఆలోచనలో పడినాము. దొంగను ఆపే తాళం వారసుని కూడా ఆపుతుంది. తాళపుచెవి పోయిన ఎ.ఇ.ఎస్. పెట్టెను తెరచే తాళాలవాడు ఈ భూమి మీద లేడు. అందుచేత బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితంపై వ్రాసి, లక్క వేసిన కవరులో ఒక ప్రతిని బీరువాలో, మరొక ప్రతిని వేరే వీధిలో ఉండే మామూ ఇంట ఉంచినాము.

"నీ ఆరు మాటలు కూడా అందులో వేయి బేటీ" అన్నారు అబ్బాజాన్. ఆపా తల అడ్డంగా ఊపినది. "అబ్బాజాన్, పొలం అందరిది. అది అందరికీ అందవలసినదే. గజళ్ళు నావి. నేను చూపినవారే చూడాలి. నాతోనే పోయినా నాకు విచారం లేదు" అన్నది. ఆయన చాలాసేపు మాటలాడలేదు. పిదప ఆమె మాటలు లేకుండానే కవరుకు లక్క వేసినారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. ఆ హక్కు ఒక కుటుంబంలో ఎట్లుండునో మాకు ఆనాడు అవగతమైనది. ఏ విధానం ఎంచుకొనవలెనన్న ప్రశ్నకు లోకంలోని నిపుణులు సమాధానం చెప్పియున్నారు. ఏ ఫైలు తాళపుచెవి ఎవరి చేతికి అందవలెను, ఎవరి చేతికి అందరాదు అన్నది మాత్రం ఎవరి ఇంటిలో వారు, ఫైలు ఫైలుకూ విడిగా, తేల్చుకొనవలసినదే.

ఒక హెచ్చరిక అవసరం. గూఢలిపి చదవనీయదే గాని చెడిపోకుండా కాపాడదు. డిస్కు పాడైనా, వైరసు వచ్చి ఫైళ్ళను చెరచినా అది అడ్డుపడదు. కనుక మరొక డిస్కులో ప్రతి ఉంచుకొనుట, ఆ ప్రతికీ తాళం వేయుట, ఏడాదికొకసారి ఆ తాళం తెరచి చూచుట విధిగా చేయవలెను.

కళాశాల సంఘంవారికి మా మనవి ఒక్కటే. ఉపకారవేతనాల కొరకు విద్యార్థులు సమర్పించే పత్రాలలో పేదవారి ఆదాయం, బ్యాంకు ఖాతా, ఇంటి చిరునామా ఉంటాయి. అవి నిలువ ఉండే డిస్కులకు, పెన్‌డ్రైవులకు ఇట్టి తాళాలు వేయించి, తాళపుచెవి ఎవరెవరి వద్ద ఉండవలెనో వ్రాతపూర్వకంగా నిర్ణయించవలసినదిగా కోరుచున్నాము. విధానాలు ఉచితం, కావలసినది ఒక సాయంత్రపు తీరిక, ఒక కవరు, కాస్త లక్క.