కనబడని గోడలు

గోడ కట్టడానికి ఇటుకలు కావాలి, కూల్చడానికి గునపం కావాలి. నిస్తంతి జాలాలను అమర్చే నా వృత్తిలో రెండింటికీ నాలుగు మీటలు చాలు. అందువల్లనే ఆ మీటలు నొక్కే ముందు కాసేపు ఆలోచించాలంటాను.

మదనపల్లెలో ఒక కళాశాలవారు మేడపైన పెద్ద యాంటెన్నా నిలపమని కోరారు. యాంటెన్నా శక్తిని పుట్టించదు, ఉన్నదానినే మళ్ళిస్తుంది. కడ్డీ యాంటెన్నా ప్రసారం గారె ఆకారంలో ఉంటుంది. దాని గెయిన్ పెంచినకొద్దీ ఆ గారె అప్పడంలా పలచబడి దూరం పోతుంది. ఎదుటి వీధికి అందుతుంది, సరిగ్గా కిందనున్న తరగతి గదికి అందదు. దీపం కింద చీకటి అన్న సామెత మా పనికోసమే పుట్టిందేమో! వారికి ఆవరణకు ఒకటి చొప్పున చిన్నవి సరిపోయాయి.

దూరమే అవసరమైన చోటు కుప్పం. 2002లో హెచ్‌పీ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ పథకాన్ని ఆరంభించిన ప్రాంతమది. 2005 జనవరి నిబంధనలు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు లైసెన్సు అక్కరలేదన్నాయి. అయితే యాంటెన్నా గెయిన్‌తో కలిపి ప్రసారశక్తి 4 వాట్లు, అనగా 36 డీబీఎం, దాటరాదు. 9 డీబీఐ యాంటెన్నా బిగిస్తే పరికరం శక్తిని 27కు తగ్గించాలి. ఇందులో నష్టం లేదు. శక్తి పెంచితే మన మాట మాత్రమే గట్టిగా వినబడుతుంది. మంచి యాంటెన్నా అయితే అవతలివారి సన్నని గొంతును కూడా వింటుంది.

పుంగనూరులోని ఒక ఆసుపత్రిలో సమస్య వేరు. రోగుల బంధువుల ఫోన్లు, పరీక్షాశాల కంప్యూటర్లు ఒకే జాలంలో ఉండేవి. వీల్యాన్‌లతో మూడుగా విడదీశాను: వైద్యులకు 10, కార్యాలయానికి 20, బంధువులకు 30. ఒకదానినుండి మరొకదానికి దారిని రౌటర్‌లో మూసివేశాను. వీల్యాన్ విడదీస్తుంది గాని, రౌటర్ దారి ఇస్తే ఆ గోడకు తలుపు పెట్టినట్లే.

ఖర్చెందుకు, మూడవది తీసివేయమన్నారు యాజమాన్యంవారు. దానికి పెద్ద పని కూడా లేదు. స్విచ్ పోర్టు అనుమతులలోంచి 30 అంకెను తొలగిస్తే చాలు. ఫోనులో జాలం పేరు కనబడుతుంది, సంకేతపదం చెల్లుతుంది, ఐపీ చిరునామా మాత్రం దొరకదు. వాకిట్లోకి రానిచ్చి పీట వేయకపోవడం వంటిది.

ఆ రాతిగోడల లోపలి వరండాలో మొబైల్ సిగ్నల్ నిలవదు. రక్తదాత కోసం వెదికే తమ్ముడు, బెంగళూరులోని కొడుకుకు స్కాన్ కాగితం పంపాలనుకునే తల్లి అక్కడే కూర్చుంటారు. వేగానికి హద్దు పెట్టి మూడవదానిని ఉంచుదామని నచ్చజెప్పాను. ఒప్పుకున్నారు.

వీల్యాన్ సంఖ్యలు 4094 వరకు ఉన్నాయి. వాటిలో ఒకటి వరండాలోని వారికి చెందనిద్దాం.