వెనక వరస వాద్యం

బరోక్ కాన్సెర్టోలు వినేవాళ్లని కదిలిస్తే ముందుగా వచ్చే పేరు వివాల్డిదే. 1725లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన ‘నాలుగు ఋతువులు’ వినని చెవి ఈ రోజు అరుదు. నాకూ అవి ఇష్టమే. కానీ ఈ సంగీతంలో చెవి ఎక్కడ పెట్టాలో నాకు నేర్పింది మాత్రం బాఖ్ రాసిన అయిదో బ్రాండెన్‌బర్గ్ కాన్సెర్టో.

ఆ కాలపు ఆర్కెస్ట్రాలో హార్ప్సికార్డ్ చోటు వెనకే. చెల్లోతో కలిసి మంద్రస్థాయిని కాస్తూ, పైన వయొలిన్లు పాడుకోవడానికి నేల సిద్ధం చేయడం దాని పని. స్వరకర్త దానికి పూర్తి పాఠం కూడా రాసేవాడు కాదు. కింది స్వరాల వరస రాసి, వాటి దగ్గర అంకెలు వేసేవాడు. ఆ అంకెలు చూసుకుంటూ వాద్యకారుడు అప్పటికప్పుడు స్వర సముదాయాలు అల్లుకునేవాడు. పైగా అది తీగను మీటి పలికించే వాద్యం. మీట ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా పెరగదు. వినేవాడి చెవి సహజంగానే వయొలిన్ వెంట పోతుంది, ఇది వినిపిస్తున్నా విననట్టే ఉంటుంది.

అయిదో కాన్సెర్టోలో ముందుకొచ్చే వాద్యాలు మూడు: వేణువు, వయొలిన్, హార్ప్సికార్డ్. మొదట తీగ వాద్యాలన్నీ కలిసి హుషారైన ఒక స్వరమాల వినిపిస్తాయి. అది ముక్కలు ముక్కలుగా మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది, మధ్య మధ్య ముగ్గురూ మాట్లాడుకుంటారు. క్రమంగా హార్ప్సికార్డ్ పరుగు పెరుగుతుంది. ఒక చోట వేణువు, వయొలిన్, తక్కిన బృందం అంతా ఊరుకుంటాయి. హార్ప్సికార్డ్ ఒక్కటే మిగులుతుంది. సుమారు మూడు నిమిషాలు, స్వరలిపిలో లెక్కిస్తే 65 గళ్లు, అది ఒంటరిగా నడుస్తుంది. దాటాల్సిన చోటు దాటి ఇంకా ముందుకే పోతూ, ఇక ఆగదేమో అనిపిస్తుంది. అప్పుడు బృందమంతా కలిసి మొదటి స్వరమాలతో వచ్చి కలుస్తుంది. ఆ కలిసే క్షణంలో గుండె నిండిపోతుంది. ఎన్నిసార్లు విన్నా అంతే.

మన కచేరీలో తని ఆవర్తనం దగ్గర, అప్పటిదాకా పాట వెంట నడిచిన మృదంగం సభను తనవైపు తిప్పుకుంటుంది కదా, ఆ ఆనందమే ఇది. ఒక తేడా మాత్రం ఉంది. తని వస్తుందని మనకు ముందే తెలుసు. ఆనాటి యూరప్ శ్రోతకి, మీటల వాద్యం ఆర్కెస్ట్రాను ఆపి ముందు నిలబడటం అలవాటు లేని సంగతి.

బాఖ్ అప్పుడు కోథెన్‌లో లియోపోల్డ్ రాకుమారుడి కొలువులో ఉన్నాడు. 1719లో కొత్త హార్ప్సికార్డ్ తేవడానికి బెర్లిన్ వెళ్లాడు. 1721 మార్చిలో అయిదోదానితో కలిపి ఆరు కాన్సెర్టోలను బ్రాండెన్‌బర్గ్ ప్రభువు క్రిస్టియన్ లుడ్విగ్‌కి అంకితమిచ్చాడు. ఆ కొత్త వాద్యమే అయిదో కాన్సెర్టోకు ప్రేరణ అని పండితులు ఊహిస్తారు. నాకూ అదే నమ్మబుద్ధి అవుతుంది. ఈ ఆరూ అచ్చయింది 1850లో, అంటే బాఖ్ పోయిన నూరేళ్లకి.

రికార్డింగు ఎంపిక ఇక్కడ చాలా ముఖ్యం. కార్ల్ రిక్టర్ మ్యూనిక్ బృందంతో చేసినదాంట్లో నిండుదనం, గాంభీర్యం ఉన్నాయి, దాన్ని గౌరవిస్తాను. అయినా నా ఓటు ఆ కాలపు వాద్యాలతో వాయించే చిన్న బృందాలకే. హార్నన్‌కోర్ట్ వియన్నాలో 1964లోనే ఆ దారి పట్టాడు. పేగుతో చేసిన తీగలు, ఒక్కో పాఠానికి ఒకరిద్దరు మనుషులు ఉన్నప్పుడు హార్ప్సికార్డ్ గొంతు మునిగిపోదు. అది ఒంటరిగా మిగిలే చోటుకి ముందు ఎంత పని చేస్తూ వచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

ఈ చెవి అలవడ్డాక ఆరో కాన్సెర్టో వినాలి. అందులో వయొలిన్లే లేవు. ఎప్పుడూ నడుమ చిక్కుకుని ఉండే వయోలాలు రెండు ముందుకొస్తాయి, ఒకటి పలికింది రెండోది క్షణం తేడాతో అందుకుంటూ తరుముతుంది. మంద్రమైన ఆ గొంతుల్లో అంత ఉత్సాహం ఉంటుందని బాఖ్‌కి తెలుసు. బరోక్ సంగీతం కొత్తగా వింటామని అడిగేవాళ్లకి నేను ముందుగా చెప్పేది ఈ రెండే, అయిదు, ఆ తర్వాత ఆరు.