చిన్నాయన కట్టిన వెల్డింగు మిషను

వెల్డింగుకు తెలుగులో సరైన మాట లేదన్న అసంతృప్తి నాకు చాలాకాలంగా ఉంది. టంకం ఉంది కానీ, అది తగరమూ సీసమూ కరిగించి పోసే పని. అతికే లోహాలు అందులో కరగవు. మాటు వేయడం బిందెలకూ గంగాళాలకూ. అతుకు బట్టకూ చెల్లుతుంది, బంధుత్వానికీ చెల్లుతుంది. రెండు ఇనుప ముక్కల అంచులు కరిగి, ఒకే మడుగై, చల్లారేసరికి తాము రెండన్న సంగతే మరిచిపోయే ఈ పనికి మాత్రం పరాయి మాటతోనే సరిపెట్టుకున్నాం. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళిందనీ, మనకూ కన్నడిగులకూ ఉమ్మడిదైన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లీషులోకి 'వూట్జ్' అయి చేరిందనీ చదువుకున్నప్పుడు ఈ లోటు మరీ కొడుతుంది. మా పాతబస్తీలో 'వెల్డింగ్ కొట్టుడు' అంటారు. ఆ మాటలో కనీసం చెయ్యి ఉంది.

మా చిన్నాయన ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకున్నాడు. పదకొండేళ్ళు ఒక కర్మాగారంలో చేశాడు. 1986లో దాని గేటుకు తాళం పడింది. రావలసిన బకాయిల మాట ఎత్తితే రేపు రమ్మనేవారు. ఇద్దరు ఆడపిల్లలు, చంకలో ఒక కొడుకు. గౌలిపురాలో మా ఇల్లు ఉమ్మడిది కాబట్టి పస్తులు పడలేదు గానీ, అన్న సంపాదన మీద తన పిల్లలు అన్నం తింటున్నారన్న సంగతి ఆయన మింగలేకపోయాడు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసుకుందామనుకున్నాడు. చేతిలో పని ఉంది, మిషను లేదు. నూనెలో మునిగి ఉండే పెద్ద వెల్డింగు మిషన్లు అప్పట్లో చిన్న దుకాణాలవాళ్ళకు అందే ధరలో లేవు. "నేనే కడత" అన్నాడు ఒక రాత్రి. ఎవరూ మాట్లాడలేదు. మరునాడు మా అమ్మ తన రెండు బంగారు గాజులు తీసి కొంగులో ముడివేసుకుని చార్‌కమాన్ దగ్గరి సేటు దుకాణానికి వెళ్ళింది.

ఆ డబ్బు జుమ్మేరాత్ బజారులో ఇనుముగానూ రాగిగానూ మారింది. గురువారం గురువారం జరిగే ఆ అంగడిలో దొరకనిది లేదంటారు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు ఒకటి విప్పి కుప్పపోసి ఉంటే, దాని ఇనుప రేకులను, అంటే స్టాంపింగులను, తూకానికి కొన్నాడు. నలభై కిలోలకు కొంచెం తక్కువ. నన్ను వెంట తీసుకుపోయింది మోయడానికి మాత్రమే కాదు. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. లెక్కలు వస్తాయని ఆయనకొక నమ్మకం.

లెక్క చేయడానికి అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి వెళ్ళాను. 1891లో ఆసఫియా పేరుతో మొదలైన ఆ సంస్థ భవనం మూసీ ఒడ్డున ఇప్పటికీ ఉంది. ఆ ఎత్తైన కప్పుల కింద కూర్చుని తెరాజా పుస్తకంలో ట్రాన్స్‌ఫార్మర్ల అధ్యాయం తెరిచాను. సూత్రం చిన్నదే: ఒక్కొక్క చుట్టుకు వచ్చే వోల్టులు కావాలంటే 4.44ను కరెంటు ఆవృత్తితో, ఇనుములో పారే అయస్కాంత సాంద్రతతో, ఇనుప దిండు అడ్డుకోత వైశాల్యంతో గుణించాలి. మా దిండు 7 సెంటీమీటర్లకు 7. చదరానికి 50 అనుకున్నాం. సాంద్రత 1.2 టెస్లా దాటనివ్వరాదనుకున్నాం, పాత ఇనుము కదా. 50 హెర్ట్జ్ కరెంటుకు చుట్టుకు 1.33 వోల్టులు వచ్చింది. ఇంటి కరెంటు 230 వోల్టులకు 173 చుట్లు. బయటికి 60 వోల్టులు రావాలి, ఎందుకంటే అంతకు బాగా తగ్గితే రాడ్డు అంటుకోదు. దానికి 45 చుట్లు. లోపలి చుట్లకు సన్నని తీగ, బయటి చుట్లకు కాగితం చుట్టిన వెడల్పాటి రాగి పట్టీ. మంచి ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్టలూ ఒకదానిపై ఒకటి, వీలైనంత దగ్గరగా ఉండాలని పుస్తకం చెప్పింది. అయస్కాంతపు ధార ఏదీ పక్కదారి పట్టి వృథా కాకూడదట. చిన్నాయన అలాగే చుట్టాడు. నెల రోజులు పట్టింది.

సంక్రాంతి ముందు పరీక్ష. వోల్టుమీటరు సరిగ్గా 60 చూపించింది. రాడ్డు ఇనుముకు తగిలించగానే ఫ్యూజు పేలింది. తీగ మార్చి మళ్ళీ తగిలించాడు, మళ్ళీ పేలింది. లావు తీగ వేశాడు. ఈసారి ఫ్యూజు నిలిచింది, లోపలి చుట్టలోంచి పొగ వచ్చింది. కాలిన వార్నిషు వాసన మా ఇంట్లో పండుగ దాటేదాకా ఉంది. పిన్ని వంటింట్లోంచి బయటికి రాలేదు. అమ్మ మాత్రం వచ్చి చూసి, "రాగి పోయిందా తమ్మీ?" అని అడిగింది. "సగం దక్కుతది వదినా" అన్నాడు.

షాఅలీబండా వైపు ఒక గల్లీలో మోటార్ల వైండింగు చేసే ముసలాయన ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. చిన్నాయన ఆ మసిపట్టిన చుట్టను సంచిలో పెట్టుకుని పోయి ఆయన ముందు పెట్టాడు. ఉస్తాద్ దాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వాడు. తర్వాత ఆయనన్న మాట నాకిప్పటికీ అక్షరం తప్పకుండా గుర్తుంది: "అరే భాయ్, ఇద్దరినీ ఒక్క మంచం మీద పండబెట్టినవ్. దూరం కూసోబెట్టు. దూరముంటేనే సబర్ వస్తది."

సబర్, అంటే ఓర్పు. దీన్ని నేను అర్థం చేసుకోవడానికి మరో మూడు రోజులు గ్రంథాలయంలో కూర్చోవలసి వచ్చింది. రాడ్డు ఇనుముకు తగిలిన క్షణాన అక్కడ ఉన్నది అచ్చమైన షార్టు సర్క్యూటు. రాడ్డును రవంత ఎత్తితే మెరుపు పుడుతుంది. మెరుపు నిలవడానికి 20, 25 వోల్టులు చాలు. తగిలినప్పుడు సున్నా, ఎత్తినప్పుడు 25, ఊరకే ఉన్నప్పుడు 60. వోల్టు ఇంతలా ఎగిరిపడుతున్నా ప్రవాహం మాత్రం 100 ఆంపియర్లకు అటూ ఇటూగా నిలకడగా ఉండాలి. ఇంటికి దీపాలిచ్చే ట్రాన్స్‌ఫార్మరు గుణం దీనికి సరిగ్గా తలకిందులు. దాని వోల్టు స్థిరం, ప్రవాహం ఎంత అడిగితే అంత. తీగచుట్టలను దిండుకు చెరొక కాలు మీద దూరందూరంగా పెడితే అయస్కాంత ధారలో కొంత మధ్య గాలిలోంచి దారి తప్పుతుంది. ప్రవాహం పెరిగిన కొద్దీ ఆ దారితప్పడం పెరుగుతుంది, వోల్టు దానంతటదే పడిపోతుంది. మంచి ట్రాన్స్‌ఫార్మరులో దోషమైనది వెల్డింగు ట్రాన్స్‌ఫార్మరులో ప్రాణం. పుస్తకం దీపాల ట్రాన్స్‌ఫార్మరు గురించి రాసింది, ఉస్తాద్ చేతికి రెండు రకాలూ తెలుసు. అంతే తేడా.

మళ్ళీ చుట్టారు. ఈసారి ఉస్తాద్ దుకాణంలోనే, ఆయన వార్నిషులో ముంచి, ఆయన బట్టీలో ఆరబెట్టి. కూలి ఎంతని అడిగితే, దుకాణానికి ఒక షట్టరు గ్రిల్లు చేసిపెట్టమన్నాడు. ఆ మిషను కొట్టిన మొదటి పని అదే. 10 గేజి రాడ్డు పెరుగులో గరిటెలా నడిచింది.

అది పనిచేయడంతో ఇబ్బంది గల్లీకి వచ్చింది. 173కు 45 నిష్పత్తి కాబట్టి, ఇటు 100 ఆంపియర్లంటే అటు ఇంటి కరెంటులోంచి 26. రాడ్డు తగిలినప్పుడల్లా వరుసగా ఆరిళ్ళలో బల్బులు కన్నుగీటేవి. ఆ రోజుల్లో, 1987 జనవరి నుంచి మరుసటి జులై దాకా, ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామాయణం. రాముడు విల్లెక్కుపెట్టిన వేళకు చిన్నాయన రాడ్డు తగిలిస్తే తెర మీద అయోధ్య అంతా ముడుచుకుపోయేది. గల్లీ పెద్దలు వచ్చి ఒక ఒప్పందం చేసుకుపోయారు: ఆదివారం తొమ్మిదిన్నర నుంచి ఒక గంట మిషను ముట్టకూడదు. ఆ గంట చిన్నాయన కూడా వాళ్ళింట్లోనే కూర్చుని చూసేవాడనుకోండి.

మిగతా వారమంతా మాటేమిటి? దారితప్పే ధార వల్ల మిషను లాగే 26 ఆంపియర్లలో చాలా భాగం పని చేయని ప్రవాహమే. వచ్చి తిరిగిపోయే చుట్టం లాంటిది. దానికి ఎదురు నిలిచేది కెపాసిటరు. కోఠీ గుజరాతీ గల్లీలో 60 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు, నూనె నింపినవి, తెచ్చి మిషను ఇంటివైపు తీగకు అడ్డంగా కలిపాం. 26 కాస్తా 22 అయింది. నాలుగు ఆంపియర్లే కదా అనిపించవచ్చు. గల్లీ చివరి ఇంటి బామ్మగారు మాత్రం మర్నాడే గుర్తుపట్టింది.

ఇక సన్న రేకుల సంగతి. కిటికీ రేకుకు 60 ఆంపియర్లు చాలు, గేటు చట్రానికి 120 కావాలి. చాలామంది లోపలి చుట్లకు మధ్యమధ్య కొసలు తీసి, చుట్లు పెంచి ప్రవాహం తగ్గిస్తారు. అలా చేస్తే బయటి 60 వోల్టులు 47కు పడి, సన్న రాడ్డు అంటుకోనని మొండికేస్తుంది. సరిగ్గా ఎక్కడ సాయం కావాలో అక్కడే చేయి వదిలేయడమన్నమాట. చిన్నాయన దీనికొక ఉపాయం పట్టాడు. మిగిలిన స్టాంపింగులను దిమ్మగా బిగించి, రెండు తీగచుట్టల మధ్య ఖాళీలో పైకీ కిందికీ జరిగేలా మర బిగించాడు. దిమ్మ లోపలికి దిగితే ధార ఎక్కువగా పక్కదారి పడుతుంది, ప్రవాహం తగ్గుతుంది. రాడ్డు తగలకముందు ఉండే వోల్టు మాత్రం దాదాపు తగ్గదు. పెద్ద కంపెనీల మిషన్లలోనూ ఇదే పద్ధతి ఉంటుందని తర్వాత తెలిసింది. ఆయనకది బావి మీద గిలకను చూసి తట్టిందట. దిమ్మ వదులుగా ఉంటే గుర్రుమని మోత పెడుతుంది కాబట్టి, పక్కన ఇత్తడి బద్దీలు పెట్టి బిగించాడు. ఇలాంటివాటిని ఇప్పుడు 'జుగాడ్' అని మెచ్చుకుంటున్నారు. నాకా మాట నచ్చదు. ఏదో ఒకటి అతికించి పూట గడుపుకున్నట్టుంటుంది. ఆయన ఆ మరను మూడుసార్లు కోసి పారేసి నాలుగోసారి తీశాడు.

మిషను ప్రాణం తీస్తుందేమోనన్న భయం ఒక్క మా అమ్మకే ఉండేది, ఆ భయమే సరైనది. ఆ కాలంలో ఉప్పునీళ్ళ వెల్డింగని ఒకటి నడిచేది. ప్లాస్టిక్ డ్రమ్ములో ఉప్పు కలిపిన నీళ్ళు, అందులో రెండు ఇనుప ముక్కలు, ట్రాన్స్‌ఫార్మరు లేకుండా స్తంభం కరెంటు నేరుగా ఆ నీళ్ళలోంచి రాడ్డుకు. నీళ్ళు ప్రవాహాన్ని కొంత ఆపుతాయి నిజమే. కానీ పట్టుకున్నవాడి చేతిలో ఉన్నది 230 వోల్టులు. ఎవరైనా దాన్ని గొప్పగా చెబితే చిన్నాయన లేచి వెళ్ళిపోయేవాడు. తన మిషనులో లోపలి చుట్టకూ బయటి చుట్టకూ రాగి తగులు లేదని, మధ్య కేవలం అయస్కాంతమే ఉందని అమ్మకు విడమరచి చెప్పాడు. ఆమె అంతా విని, "వానకాలంలో ఆ డబ్బా ముట్టుకుంటే?" అన్నది. దాంతో పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, లోపల రేకు పాతి, డబ్బా ఒంటికి ఎర్తు తీగ కలిపాడు. వారానికోసారి ఆ గోతిలో బిందెడు నీళ్ళు పోయడం అమ్మే తన పనిగా పెట్టుకుంది. తడి చేతికి 60 వోల్టులు కూడా ప్రాణాంతకమేనని ఆయనకు తెలుసు. వాన మొదలైతే హోల్డరు కింద పెట్టేవాడు, బేరం పోయినా సరే.

కళ్ళ విషయంలో అంత జాగ్రత్త ఆలస్యంగా వచ్చింది. నల్ల అద్దం లేకుండా 'ఒక్క చుక్కే కదా' అని కొట్టిన రాత్రుల్లో కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. మెరుపులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చడం వల్ల వచ్చే బాధ అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది గానీ, ఆ రాత్రి మాత్రం పోదు. పిన్ని గులాబ్‌జల్ తడిపిన దూది కళ్ళ మీద వేసేది. జింకు పూత పైపులు కొట్టిన రోజున చలిజ్వరం వచ్చేది. పాలు తాగితే విరుగుతుందని గల్లీలో అందరి నమ్మకం. విరగదు. పూతను ముందే గీకేసి, గాలి వచ్చే చోట కొట్టడమే మందు.

1990 డిసెంబరు గొడవల నాటికి మిషను మళ్ళీ ఉస్తాద్ దగ్గర ఉంది, పట్టీ మీది కాగితం పొడిబారితే మార్చడానికి. కర్ఫ్యూ పడింది. ఎన్నో రోజులు పని లేదు, మిషను లేదు, అది ఉందో లేదో తెలియదు. సడలించిన రెండు గంటల్లో చిన్నాయన ఒక్కడే వెళ్తానంటే మా నాన్న వద్దన్నాడు. పెద్ద గొడవయింది. వెళ్ళాడు. దుకాణం షట్టరు సగం దించి ఉంది. ఉస్తాద్ లోపల కూర్చుని కాగితం చుడుతున్నాడు. "కరెంట్ ఉన్నప్పుడల్లా చుట్టిన, భాయ్. ఇంకేం పని?" అన్నాడు. వార్నిషు ఆరలేదని ఆ రోజు ఇవ్వనేలేదు. చిన్నాయన ఉత్త చేతులతో తిరిగి వచ్చి, గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాడు.

గాజుల్లో ఒకటి 1988 బోనాలకు విడిపించారు. రెండోది వడ్డీలో మునిగిపోయింది. అమ్మ చివరిదాకా ఒక చేతికి బంగారు గాజు, రెండో చేతికి లాడ్‌బజార్ మట్టి గాజులు వేసుకునేది. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళూ ఆ మిషను మీదే అయ్యాయి.

ఇప్పుడు మా తమ్ముడి దుకాణంలో ఉన్నది ఇన్వర్టరు మిషను, ఏడు కిలోలుంటుంది, భుజానికి తగిలించుకుని నిచ్చెన ఎక్కుతాడు. అందులోనూ ట్రాన్స్‌ఫార్మరు ఉంది, నేను ఆనాడు రాసుకున్న సూత్రమే ఉంది. 50 హెర్ట్జ్‌కు బదులు వేల హెర్ట్జ్‌ల ఆవృత్తి వాడటంతో ఆ గుణకారంలో ఇనుము వైశాల్యం ఆ మేరకు కుంచించుకుపోయింది. పాతది యాభై కిలోల పైచిలుకు, రెండు చక్రాల బండి మీద మూలన ఉంది. నిరుడు పాతసామాను కొనే అతను లోపలి రాగికి ధర కట్టాడు. పిన్ని ఇవ్వనన్నది. కిందటి ఉగాదికి తమ్ముడు దాని మరకు గ్రీజు పెట్టాడు. దిమ్మ ఇంకా పైకీ కిందికీ తిరుగుతున్నది.