టబ్బులో మట్టి

కప్పను పెంచడమంటే చాలా రోజులు ఉత్త మట్టిని పెంచడమే. యూట్యూబ్ చూసి కప్ప కావాలని పట్టుబట్టిన మా మేనల్లుడికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాడు చూసింది ప్యాక్‌మ్యాన్ కప్ప. దక్షిణ అమెరికాది. ఒళ్లంతా నోరే అన్నట్టు ఉంటుంది కాబట్టి దానికి వీడియోగేమ్ పేరు పెట్టారు. విదేశాల్లో గాజుపెట్టెలో కొబ్బరిపొట్టు పోసి పెంచుతారు. మా ఇల్లు పాతబస్తీలో, లాల్‌దర్వాజా దగ్గర. పావురమో కోడో కావాలంటే ముర్గీచౌక్‌కి నడిచిపోవచ్చు గానీ కప్ప కావాలంటే నవ్వుతారు.

మా కప్ప జూన్ మొదటి వానకి దానంతట అదే వచ్చింది. వెనక వాకిట్లో, పారిజాతం మొదట్లో. ఉడికిన ఆలుగడ్డకి కళ్లు పెట్టినట్టు ఉంది. ఫోటోలతో పోల్చి చూస్తే స్ఫేరోథీకా అనే బొరియ కప్పల్లో ఒకటిలా అనిపించింది. వీటి వెనక పాదాలకి పారలాంటి గట్టి బుడిపె ఉంటుంది. తలతో తవ్వదు. మట్టిని పక్కకి నెట్టుకుంటూ, మనవైపే చూస్తూ, వెనక్కి వెనక్కి దిగిపోతుంది. చివరికి రెండు కళ్లు మిగులుతాయి. తర్వాత అవీ ఉండవు. ఇంత మర్యాదగా సెలవు తీసుకునే జీవిని నేనింకోదాన్ని చూడలేదు.

టబ్బులో ఎర్రమట్టి, ఇసుక కలిపి పోశాం. పైన దోమల జాలీ. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట, తొడల చర్మంతో తడిమట్టి నుంచి పీల్చుకుంటుంది. అందుకే క్లోరిన్ కలిసిన నల్లా నీళ్లు మానేసి వాననీళ్లు పట్టిపెట్టేవాళ్లం. రాత్రి లైటు కింద రాలిన ఉసిళ్లే తిండి. మింగేటప్పుడు కళ్లు మూస్తుంది. రుచికి కాదు, కనుగుడ్లు లోపలికి దిగి తిండిని గొంతులోకి నెడతాయి.

ఇవన్నీ కనిపించిన రాత్రుల ముచ్చట్లు. కనిపించని రోజులే ఎక్కువ.

"మామా, ఉన్నదా, సచ్చిందా? తవ్వి చూద్దామా?"

నా ఉద్యోగమే సర్వర్లు బతికున్నాయో లేదో నిమిషానికోసారి పింగ్ చేసి చూడటం. కప్పకి పింగ్ లేదు. తవ్వొద్దన్నాను, కానీ వాడు పడుకున్నాక నేనే వెళ్లి టార్చి వేసి చూసేవాణ్ణి.

ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం కప్పల మీదే. ఏడాదంతా వ్రతం పట్టినట్టు పడుండి, వాన పడగానే గొంతు విప్పే కప్పల్ని మంత్రాలు వల్లించే బ్రాహ్మణులతో పోలుస్తుంది. అది వెక్కిరింతా, వాన కోసం ప్రార్థనా అని పండితులు వాదించుకున్నారు. టబ్బు పక్కన కూర్చుని చదివితే నాకు రెండూ అనిపించలేదు. కాళ్ల కింద ఎవరున్నారో తెలిసినవాడు రాసినట్టుంది. మన ఊళ్లలో వానలు పడకపోతే కప్పతల్లి ఆట ఆడతారు కదా, రోకలికి కప్పని, వేపాకుని కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించుకుంటారు. ఆ ఆట అయ్యాక కప్ప ఏమవుతుందో ఎవరూ అడగరు.

ఇంతలో బోనాలు దగ్గరపడ్డాయి. వాకిట్లో షాబాదు బండలు వేయించాలని నాన్న పట్టుదల. "సుట్టాలొస్తరు, గీ బురదల ఎట్ల నడుస్తరు?" అన్నాడు. మా గల్లీ మొత్తం ఎప్పుడో సిమెంటయింది. మిగిలిన మట్టి మా ఎనిమిదడుగుల వాకిలే. దాని కింద ఇంకెన్ని పడుకున్నాయో, బండ పడ్డాక అవి పైకెలా వస్తాయో నాన్నకి చెప్పాను.

"కప్ప కోసం బండలు ఆపుతావురా?"

"తాతా, దాని తమ్ముడుంటే?" అన్నాడు మేనల్లుడు.

నాన్న జవాబు చెప్పలేదు. సుద్దముక్క తెచ్చి పారిజాతం చుట్టూ ఇటుకలు పేర్చి రెండడుగుల హద్దు గీశాడు. నేను నాలుగడిగాను. బేరం మూడు దగ్గర ఆగింది.

మేస్త్రి రావాల్సిన ముందు రాత్రి వాన దంచి కొట్టింది. టబ్బుని హద్దు లోపల పక్కకి వంచాం. కప్ప కాసేపు కదల్లేదు. తర్వాత మూడు గెంతుల్లో ఇటుకలు దాటేసి, సరిగ్గా బండలు పడే చోట వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టింది. కళ్లు కూడా మునిగేదాకా నాన్న గొడుగు కింద టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రికి ఫోన్ చెయ్," అన్నాడు. "పండగైనంక రమ్మను."