ఒక్క దిర్హామ్ పడవ



దుబాయిలో తెలుగు విశ్వాసుల కూటాలకు వెళ్లి వచ్చినప్పటి నుంచి "అయ్యగారూ, ఏమేం చూసిండ్రు?" అని అడుగుతూనే ఉన్నారు. కూటాలు అయిన మర్నాడు నాకు ఒక రోజు ఖాళీ దొరికింది. మన మండలం నుంచి పోయి ఎనిమిదేండ్లుగా బిల్డింగు పనిలో ఉన్న ఒక తమ్ముడు తన వారపు సెలవు నాకిచ్చాడు. ఆ రోజు అతను బట్టలు ఉతుక్కొని నిద్రపోవాలి. మన కానుకల పుస్తకంలో ఇలాంటిది రాయడానికి గడి లేదు.

పొద్దున క్రీక్ దగ్గరికి పోయాం. అది ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఇటు దేరా, అటు బర్ దుబాయి. అబ్రా అనే చెక్క పడవలో దాటితే ఒక్క దిర్హామ్. అవతల 1787 నాటి అల్ ఫహీదీ కోటను బయటి నుంచే చూశాం. నూనె దొరకకముందు అక్కడి బీదవాళ్లు ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్లు. పడవ యజమాని దగ్గర ముందే అప్పు తీసుకొని, అది తీరేదాకా మునగడమే. ఆ మాట చెబితే తమ్ముడు నవ్వి, "మా బోరు అప్పు లెక్కనే ఉన్నది" అన్నాడు.

మళ్లీ దేరాకు దాటి మసాలా బజారుకు పోయాం. గోనెసంచిలో పసుపు కొమ్ములు కనబడగానే తమ్ముడు ఒకటి విరిచి లోపలి రంగు చూశాడు. పసుపు పరిశోధన స్థానం ఉన్న కమ్మర్‌పల్లి మనది, ఒకరు నేర్పాలా? ఫోన్ తీసి ఆ సంచిని ఫొటో కొట్టుకున్నాడు.

మధ్యాహ్నం కరామాలో మనవాళ్ల హోటల్‌లో అన్నం, పప్పు, కోడికూర. బిల్లు నేను కడదామంటే చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యగారూ, ఇన్నేండ్లల్ల నాకు సుట్టం వచ్చుడు ఇదే మొదలు." తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వల వేసి అలసినవాళ్లకు ప్రభువు చేపలు కాల్చి పెట్టాడు. ఇక్కడ అలసినవాడే నాకు పెడుతున్నాడు. నేను జేబులోంచి చెయ్యి తీసి, మారు అన్నం పెట్టించుకున్నాను.

సాయంత్రం బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు, 2010లో తెరిచారు. పైకెక్కే టికెట్ ధర చూసి కిందనే నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. ఇంత దగ్గరగా అతనూ అదే మొదటిసారి చూడటం. ఇద్దరం ఫొటో దిగాం. ఇంటికి పంపబోయి ఆగాడు. "ఇది చూస్తే నాకు పైసలకు ఏం తక్కువ లేదనుకుంటరు."

పొద్దున కొట్టిన పసుపు ఫొటో పంపాడు. మేము మెట్రో ఎక్కేలోపే భార్య దగ్గరి నుంచి జవాబు వచ్చింది: "మనదాని అంత రంగు లేదు."