సంతకానికి ముందు

అమెరికా సైన్యంలో మెడిక్‌గా చేరాలనుకున్నాను. గాయపడిన సైనికుడికి అక్కడికక్కడే మొదటి చికిత్స చేసే ఉద్యోగం. దాని కోడ్ 68డబ్ల్యూ. నాకు గ్రీన్‌కార్డు ఉంది, పౌరసత్వం లేదు. అందుకని ఇంటెలిజెన్స్ లాంటి, సెక్యూరిటీ క్లియరెన్స్ కావలసిన ఉద్యోగాలు నాకు ఇవ్వరు. మెడిక్‌కి ఆ అడ్డు లేదు.

మొదటిది ఆస్వాబ్ పరీక్ష. సైన్యంలోకి రావడానికి 31 పర్సంటైల్ చాలు. ఏ ఉద్యోగం ఇస్తారన్నది మాత్రం విడి స్కోర్లను బట్టి ఉంటుంది. మెడిక్‌కి జీటీ అనే స్కోరు 107, ఎస్‌టీ అనే స్కోరు 101 రావాలి. లెక్కలంటే నాకు భయం. నేను సైన్యంలోకి వెళ్లడం అమ్మకు ఇష్టం లేదు. అయినా రోజూ రాత్రి పక్కన కూర్చుని భిన్నాలు, శాతాలు చేయించింది. ఆ స్కోర్లు వచ్చాయంటే ఆమె చలవే.

తర్వాత మెప్స్. వైద్య పరీక్షలు, సంతకాలు అన్నీ జరిగేది అక్కడే. ముందు రాత్రి హోటల్లో ఉంచారు. నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేపారు. రక్తం, మూత్రం, చూపు, వినికిడి చూశారు. లోదుస్తులతో వరసలో నిలబెట్టి, గొంతుక్కూర్చుని నడవమన్నారు. సిగ్గేసింది. చివరికి ఫిట్ అన్నారు.

అదే మధ్యాహ్నం కౌన్సెలర్ కంప్యూటర్‌లో చూసి, మెడిక్ సీట్లు లేవన్నారు. ఇన్‌ఫాంట్రీ ఉంది, ఇవాళే సంతకం పెట్టొచ్చన్నారు. చేరాక మార్చుకోవచ్చని, నన్ను చేర్పిస్తున్న రిక్రూటర్ ఫోన్‌లో చెప్పారు. నా చేతులు వణికాయి. బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఉత్త చేతులతో వెళ్లి నాన్నకు మొహం ఎలా చూపించాలి? సంతకం పెట్టేద్దామనే అనిపించింది.

మా అపార్ట్‌మెంట్లలో వరంగల్ అన్న అని పిలిచే ఒకాయన ఉన్నారు. ఇదే సైన్యంలో పనిచేసి వచ్చారు. నేను బయల్దేరే ముందు ఆయన చెప్పిన మాట ఇది: "నోటిమాట నమ్మకు తమ్ముడూ. కాంట్రాక్టు అనుబంధంలో నీ కోడ్ ఉంటేనే సంతకం పెట్టు. లేకుంటే లేచి వచ్చెయ్. నిన్నెవరూ ఆపలేరు."

సంతకం పెట్టకుండా లేచానంటే అది నా ధైర్యం కాదు. ఆయన మాట పట్టుకుని లేచాను.

తర్వాతి వారాలు కష్టంగా గడిచాయి. రిక్రూటర్ ఫోన్లు తగ్గాయి. నాన్న ఒక్క మాట అనలేదు. ఆఫీసుకు వెళ్లేముందు రోజూ నాతోపాటు పార్కులో పరిగెత్తారు. ఆ మౌనానికి ఆయనకు రుణపడి ఉన్నాను.

సీటు ఉందని మళ్లీ పిలిచారు. ఈసారి అనుబంధం ప్రతి పంక్తీ వేలు పెట్టి చదివాను. 68డబ్ల్యూ అని ఉంది. కాంట్రాక్టులో రిజర్వు కాలంతో కలిపి మొత్తం 8 ఏళ్ల బాధ్యత అని కూడా ఉంది. సంతకం పెట్టి ప్రమాణం చేశాను.

భయం పోలేదు. కాంట్రాక్టు హామీ ఇచ్చేది ట్రైనింగ్ సీటుకే. 10 వారాల బేసిక్ ట్రైనింగ్ తర్వాత ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో 16 వారాల మెడిక్ శిక్షణ ఉంటుంది. అందులో ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడి) పరీక్ష తప్పితే సైన్యం తనకు అవసరమైన పనిలో వేయవచ్చు.

రేపు ఆ కౌన్సెలర్ ఎదుటి కుర్చీలో మీరు కూర్చోవచ్చు. ట్రైనింగ్‌కి బయల్దేరే రోజు దాకా మానుకునే వీలుంది. కానీ లేచి వస్తే సీటు మళ్లీ వస్తుందని ఎవరూ మాట ఇవ్వరు. నాకు వచ్చింది. రాకపోతే ఏ పనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి.