కోట కింద కాపురం

మీలో చాలామంది ఇళ్ళల్లో సంక్రాంతి కొలువుకి కొండపల్లి బొమ్మ ఒక్కటైనా ఉండే ఉంటుంది. ఆ బొమ్మ పుట్టిన ఊరికి నేను కోడల్ని. గుడివాడ నుంచి కాపురానికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. వంటింటి కిటికీ తీస్తే ఎదురుగా కొండే. అయినా నిజం చెప్పొద్దూ, మొన్న సంక్రాంతి సెలవులదాకా నేను కోట ఎక్కనే లేదు. కొండ ఎక్కడికి పోతుందిలే అనుకున్నా!

మా తమ్ముడి భార్య వచ్చి, "వదినా, కోట చూపించాల్సిందే" అని పట్టుబట్టింది. సరే, వెళ్ళాం. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టించారు. తరవాత గజపతులు, 1516 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు, ఆపైన గోల్కొండ సుల్తానులు, మొగలులు, నిజాము, 1766లో ఇంగ్లీషువాళ్ళు... అద్దె ఇంట్లో కాపురాలు మారినట్టు మారిపోయారు. నాకు మాత్రం కోనేరు, ధాన్యం కొట్టు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. అంత ఎత్తున అంతమందికి ఎవరు వండారో, నీళ్ళు ఎవరు మోశారో!

ఇన్ని రాజ్యాలు మారినా బొమ్మలు చేసేవాళ్ళు కింద ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. మా మరదలు బొమ్మలు కొంటానంది. నాకూ ఒక పని గుర్తొచ్చింది. మా అత్తగారి అంబారీ ఏనుగు. ఆవిడ పోయాక కొలువుపెట్టె నాకొచ్చింది. రెండేళ్ళ కిందట పెట్టె దించుతుంటే నా చేతిలోనే తొండం విరిగింది. మావారికి చెప్పే ధైర్యం లేక పాతచీరలో చుట్టి దాచేశా.

పెద్దాయన ఏనుగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెల్ల పొణికి కర్ర ముక్క తీసి తొండం చెక్కాడు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించాడు. అది ఆరాలట, సుద్ద పూయాలట, అప్పుడుగానీ రంగు వెయ్యకూడదట. "ఈ కర్ర ఇప్పుడు దొరకటమే కష్టంగా ఉందమ్మా" అన్నాడు. కొడుకులిద్దరూ విజయవాడలో ఉద్యోగాలట. నూట యాభై అడిగాడు. కూరలబండి దగ్గర అలవాటైన నోరు కదా, వందకి బేరమాడేశా. మా మరదలు మోచేత్తో పొడిచింది. ఆయన మారుమాట్లాడకుండా తలూపాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చెక్కుడు, అతుకు, సుద్ద, రెండు పూతల రంగు... వందకా? నాలుగోరోజు వెళ్ళి నూట యాభై చేతిలో పెట్టా. ఆయన లెక్కపెట్టి, "యాభై ఎక్కువిచ్చారమ్మా" అన్నాడు. "లేదు, మొదట తక్కువ చెప్పాను" అన్నా.

అన్నట్టు, ఈ బొమ్మల్ని నీళ్ళతో కడగకండి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఏనుగు ఇప్పుడు టీవీ పక్కన ఉంది. తొండం రంగు కాస్త కొత్తగా మెరుస్తోంది. మావారింకా గమనించలేదు. ఆయన ఈ పత్రిక చదవరు గనక మీకు చెప్పేస్తున్నా.